పన్ను గుంతకు ఫ్లషింగ్

మా నాయన దవడ పన్ను పీకించుకుని ఇంటికొచ్చి, మర్నాడు పొద్దున్నే ఆ గుంతకు ఫ్లషింగ్ చేశాడు. పామిడి దగ్గర మా చీనీ బత్తాయి తోటలో బోర్లు వేయించి వేయించి ఆయనకు ఒక సంగతి బుర్రలో నాటుకుపోయింది. గుంత తీశాక లోపలిదంతా కొట్టుకుపోయేదాకా నీళ్లతో కడగాలి. పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు అని అనంతపురంలో పళ్ల డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కానీ ఆమె జన్మలో ఒక్క బోరైనా వేయించిందా, ఆయన వినడానికి? చెంబెడు ఉప్పునీళ్లు పుక్కిలించి పెరట్లో ఉమ్మేశాడు.

రెండు రోజులకు నొప్పి చెవిదాకా పాకింది. బోరు ఫెయిలైన రోజు కూడా సంగటి వదలని మనిషి ముద్ద ముట్టలేదు. నాకు భయమేసింది. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే ఆయన మాత్రం కదలనన్నాడు. ఉన్న ఒక్క బోరూ అడుగంటి చీనీచెట్లు ఆకు ముడుచుకున్నాయి. ఇంకొకటి వేయిస్తానని బండి మాట్లాడిపెట్టాడు, అమ్మ వద్దని మొత్తుకుంటున్నా.

"బోరుబండి వచ్చిపోనీమ్మా, పోదాం" అన్నాడు దవడ పట్టుకుని.

నేను రెక్క పట్టి బస్సెక్కించాను.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "గుంతలో రక్తం గడ్డకట్టి మూత మాదిరి ఉండాల పెద్దాయనా. దాన్ని మీరు కడిగేసినారు. ఎముక బయటపడి ఎండిపోయింది."

ఎండిపోయిందన్న మాట ఆయనకు కొత్త కాదు, ముఖం మారలేదు. "మళ్లా నింపుతావా తల్లీ?"

"అది నా చేతిలో లేదు. శుభ్రం చేసి లవంగనూనె మందు పెడతా, నొప్పి తగ్గుతాది. గుంత దానంతట అదే పూడాల. గెలకద్దండి."

బస్టాండుకొచ్చేలోపే నొప్పి దిగింది. రెండో పక్క నములుతూ ఉగ్గాని తిన్నాడు. మిరపకాయ బజ్జీని చూసి వదిలేశాడు.

ఇంటికొచ్చేసరికి, బోరుకు నీళ్లు ఎక్కడ పడతాయో చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటలో తిరుగుతున్నాడు. టెంకాయ ఎప్పటిలాగే లేచి నిలబడింది.

"ఈడ గ్యారంటీ అన్నా!"

"పోయినసారీ ఇదే అంటివి కదప్పా."

"ఈసారి తప్పదు. గంగమ్మ ఈడనే ఉండాది."

నాయన దవడ తడుముకున్నాడు. "అంత చదువుకున్న యమ్మ నా చేతిలో లేదు అనింది. నువ్వు చూస్తే గ్యారంటీ అంటాండావు. పోప్పా, బండి వద్దని చెప్పు."

ఇన్నాళ్లూ వద్దన్న అమ్మే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. బోరు లేకపోతే చెట్లు లేవని మాకందరికీ తెలుసు.

పన్ను గుంత మెల్లగా పూడింది. ఎండాకాలంలో చీనీచెట్లు కొట్టించాం. నాయన దగ్గరుండి కొట్టించి, ఒక మొద్దు మీద దవడకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఇంకా నొప్పి ఉండాదా నాయనా?" అని అడిగాను.

"నోట్లో లేదు" అన్నాడు.