మధ్యాహ్నం భోజనం చేసే మరబొమ్మ

ఆఫీసులో ఆమెను అందరూ కొలబద్ద అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె ఏమీ అనుకోదు. పదకొండేళ్లుగా చేస్తున్నది కొలిచే పనే మరి. సిటీ బస్సు ఇప్పుడు ఎక్కడుందో ఫోన్లో చూపించే యాప్ ఒకటుంది. దాన్ని జనం ఎలా వాడుతున్నారో కనిపెట్టి చెప్పడం ఆమె ఉద్యోగం.

తెర మీద ఎవరైనా వేలు పెడితే ఆ నొక్కుడుకు ఒక పేరుండాలి. ‘బస్సు వెతికారు’, ‘టికెట్టు కొన్నారు’, ‘మధ్యలో వదిలేశారు’. పేరున్న నొక్కుడే లెక్కలోకి వస్తుంది, పేరు లేనిది జరగనట్టే. ఆ పేర్లు పెట్టేది కొలబద్ద. ఊరు ఊరంతా వేళ్లతో చేసే పనికి నామకరణం చేసే అధికారం ఒక మనిషి చేతిలో ఉండటం మామూలు సంగతేం కాదు. ఆమె మాత్రం అదేదో గుమాస్తా పనిలాగే చేసుకుపోయేది.

వాళ్లమ్మకు ఈ ఉద్యోగం ఏనాడూ బుర్రకెక్కలేదు.

“జనం ఏం చేస్తున్నారో కంప్యూటర్లో చూసి చెప్తానమ్మా.”

“ఎందుకే, వాళ్లనే అడిగితే చెప్పరా?”

“లక్షలమందిని ఎక్కడ అడుగుతాం?”

“పోనీ, ఒక్కళ్లనైనా అడిగావా?”

కొలబద్ద నవ్వేసి ఊరుకునేది. అడగలేదు మరి.

మూడేళ్ల కిందట ఆమె ఒక వాక్యం రాసింది: “నెలలో ఒక్క టికెట్టయినా కొన్న ఫోనే వాడుకరి.” దాని కింద ఇంకో వాక్యం: “రోజుకు అరవైసార్లకు మించి తెర తెరిచి, ఏమీ కొనని ఫోను మనిషిది కాదు, మరబొమ్మది.” అంటే యాప్‌లోని సమాచారాన్ని దొంగిలించడానికి ఎవరో పెట్టిన యంత్రమని అర్థం. ఇలాంటి రాతల్ని ఎవరూ చదవరు, కానీ వీటి ప్రకారమే తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఎవరు మనిషో ఎవరు కాదో చల్లటి గదిలో కూర్చుని తేల్చేస్తున్న రోజులివి. తేల్చేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. బయటికి వెళ్లి చూడరు, అంతే.

ఒక గురువారం మేనేజరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

“మరబొమ్మలు మూడు వందల పన్నెండు తేలాయి. సర్వర్ల మీద బరువు. సోమవారం అన్నిటికీ బస్సు ఎక్కడుందో చూపే తెర ఆపేద్దాం. నీ నిర్వచనమేగా, ఒక్క సంతకం పెట్టు.”

సంతకానికి ముందు కొలబద్ద జాబితాలో మొదటి వరస తెరిచింది. రోజుకు నాలుగు వందల నొక్కుళ్లు, తెర చూసేది ఒక్కోసారి ఐదారు సెకన్లే. ఎప్పుడూ ఒకే బస్‌స్టాపు. ఖాయంగా యంత్రమే. పేజీ మూయబోతుంటే ఒకటి కంటబడింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు నొక్కుళ్లు ఆగుతున్నాయి, ఒకటిన్నరకు మళ్లీ మొదలవుతున్నాయి. ఆదివారం అసలే లేవు.

“మరబొమ్మకి భోజనమెందుకండీ?” అంది.

“ఏంటీ?”

“సెలవు కూడా తీసుకుంటోంది.”

మర్నాడు సాయంత్రం ఆ స్టాపులో దిగింది. ఎవరో తెలియని మనిషి ఉండే చోటు తనకిలా తెలిసిపోవడం ఆమెకే సిగ్గనిపించింది. ఆ సిగ్గు ఆమెకొక్కదానికే ఉంటే చాలదు, ఆ సంగతి అలా ఉంచుదాం.

స్టాపుకు ఎదురుగా బట్టలు కుట్టే పెద్ద కర్మాగారం. గోడవారన చెక్కపెట్టె ముందు ఒకావిడ సంచులకు జిప్పులు వేస్తోంది. అందరూ జిప్పులమ్మ అని పిలుస్తున్నారు. పెట్టెకు కొట్టిన మేకుకు తాడుతో ఒక ఫోను వేలాడుతోంది, అద్దం మూలన పగిలింది. తెర ఆరిపోయినప్పుడల్లా జిప్పులమ్మ చిటికెనవేలితో దాన్ని తట్టి, ఓసారి చూసి, గొంతెత్తుతోంది.

“పద్నాలుగో నంబరు ఇంకా వంతెన దగ్గరే! తోసుకోకండి, కూర్చోండి. ఇరవయ్యొకటి మలుపు తిరిగింది, లేవండి లేవండి!”

షిఫ్టు వదిలారు. లోపలికి ఫోన్లు తేనివ్వరట; వందలమంది ఆడవాళ్లు ఖాళీ చేతులతో బయటికొచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే జిప్పులమ్మ వైపు తిరిగారు. నెలలు నిండిన ఒకామె, “అక్కా, నాది?” అంది. “పదకొండు నిమిషాలుంది తల్లీ, ఆ బల్ల మీద నడుం వాల్చు.” కళ్లు కనిపించని పెద్దాయన కర్ర తాటించాడు. “తాతా, నీ బస్సు పోయింది. నీకోసం ఆగమంటే డ్రైవరు నా మాట వింటాడా? ఇంకోటి వెనకే ఉందిలే.” పెద్దాయన పకపకా నవ్వాడు.

కొలబద్ద పుస్తకం తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్క నొక్కుడుతో నలభై ముగ్గురు కదిలారు. అంతలో ఒకమ్మాయి గేటు దగ్గరికి పరిగెత్తి లోపలున్నవాళ్లకు కేకేసింది. అవతలి స్టాపు నుంచి ఇంకెవరో చెయ్యి ఊపి సైగతో అడిగితే, నాలుగు నిమిషాలని ఇటునుంచి నాలుగు వేళ్లు లేచాయి. ఆమె కలం ఆగిపోయింది. పగిలిన ఆ చిన్న అద్దంలోంచి ఒక వీధి వీధంతా తన సాయంత్రాన్ని సర్దుకుంటోంది. తను దానికి పెట్టిన పేరు మరబొమ్మ.

జనం పలచబడ్డాక దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. జిప్పులమ్మ సూది ఆపి ఎగాదిగా చూసింది.

“నన్ను మరబొమ్మన్నావా? అదే అయితే ఈ నడుంనొప్పి ఉండేది కాదుగా!”

“తప్పయింది పిన్నీ. రోజూ ఎంతమందికి చెప్తుంటావు?”

“లెక్కపెడుతూ కూర్చుంటే కేకెప్పుడెయ్యను?” తెర తట్టింది. “సోమవారం నుంచి ఇది రాదా అయితే? వీళ్లకేం చెప్పమంటావు?”

కొలబద్ద పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

సోమవారం పొద్దున సమావేశంలో ఆమె సంతకం పెట్టలేదు. చూసింది చూసినట్టు చెప్పి, మూడేళ్లనాటి తన రెండు వాక్యాల్నీ తెర మీదకు తెచ్చి, అందరి ముందూ కొట్టేసింది.

“తప్పు నాదే. ఒక ఫోనంటే ఒక మనిషనుకున్నాను. చేతిలో ఫోను లేనివాళ్లు కూడా మన యాప్ వాడుతున్నారని నా ఊహకు కూడా రాలేదు.”

మేనేజరు విసుక్కున్నాడు. “సరేనమ్మా. ఇంతకీ మనకు వాడుకరులెంతమంది?”

“తెలియదండీ.”

పదకొండేళ్లలో కొలబద్ద నోట ఆ మాట ఎవరూ వినలేదు.

“పైవాళ్లకి ‘తెలియదు’ అని చూపించమంటావా?”

“ఫోన్లెన్నో తెలుసు, చూపిస్తాను. మనుషులెంతమందో తెలియదు. అలాగే రాస్తాను. అన్నీ జిప్పులమ్మలే అని కూడా అనను. కొన్ని నిజంగా దొంగ యంత్రాలే కావచ్చు. చూడకుండా మాత్రం ఒక్కటి కూడా ఆపనివ్వను.”

“మిగతా మూడు వందల పదకొండు చోట్లకీ నువ్వొక్కదానివే తిరుగుతావా?”

“ఒక్కదాన్నే ఎందుకు? మీరూ రండి. నేను చెప్తే నమ్మబుద్ధి కావట్లేదుగా!”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. మేనేజరు జాబితాను తన వైపు లాక్కున్నాడు. సంతకం చోట పెద్ద అడ్డగీత గీసి, ‘రెండు వారాలు ఏదీ ఆపొద్దు’ అని రాశాడు. తరవాత రెండో వరస మీద వేలు పెట్టాడు.

“ఇది ఎక్కడ?” అన్నాడు.