తూకం వెయ్యని నిమ్మకాయ

మా కొట్టు తక్కెడ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఈ కింద రాసేదంతా అక్షరాలా నిజం. గజపతినగరంలో రంగులూ మేకులూ అమ్ముకుని బతికే మా ఇంట్లో తక్కెడ మీద ఒట్టేసి అబద్ధమాడితే ఆ ఏడు బేరాలు సాగవని నమ్మకం. (బేరాలు ఎలా ఉన్నాయని మాత్రం అడక్కండి.) ఆ రోజుల్లో, అంటే నాకు జుట్టూ ధైర్యమూ రెండూ ఒత్తుగా ఉన్న రోజుల్లో, ఏ వస్తువైనా సరిగ్గా తూచి, సరైన చోట పెడితే ఇక బోల్తా పడదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు పొట్ట ముందుకొచ్చి నా నడకే ముందుకు తూలుతోంది గానీ, అప్పట్లో నేను తూకాల్లో నిపుణుణ్ణి. వేటి తూకాలంటారా, రిమోటుతో నడిచే బొమ్మ పడవల తూకాలు.

బొమ్మ అంటే బావకి కోపం వచ్చేది. బావంటే మా చెల్లెలి మొగుడు కాదు, విజయనగరంలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు నా పక్క బెంచీవాడు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు వాళ్ళది, తరతరాలుగా చేపల వేట మీద బతికే ఇల్లు. మా ఇంట్లో చేప పేరెత్తితే నాయనమ్మ లేచి చేతులు కడుక్కునేది. అయినా వాడు నన్ను మావా అనేవాడు, నేను వాణ్ణి బావా అనేవాణ్ణి, అన్న పాపానికి నిజం చుట్టరికంలాగే కుదిరిపోయింది. వాడు చెక్కా ఫైబరూ కలిపి పడవ ఒళ్ళు తయారుచేస్తే, నేను మా కొట్లోంచి రంగూ జిగురూ తెచ్చి దాని తూకం చూసేవాణ్ణి. రిమోటూ మోటారూ విశాఖలో ఎవరో వాడి వదిలేసినవి. పడవకి గంగమ్మ అని పేరు పెట్టింది బావ వాళ్ళమ్మ. పేరు పెట్టే హక్కు మాకు ఉందేమోనని మేమిద్దరం అనుకునేలోపే పెట్టేసింది.

అది మామూలు పడవ కాదు, హైడ్రోప్లేన్. ముందు చెరో పక్కా ఒక చిన్న తెప్పలాంటిది ఉంటుంది, వెనకాల నీళ్ళను తోసే ఫ్యాను ఉంటుంది. వేగం అందుకున్నాక అది ఈదదు. ఆ రెండు తెప్పల కొసలూ, ఫ్యానులో సగమూ మాత్రమే నీటికి తగిలించి, మిగతా ఒళ్ళంతా గాలిలో పెట్టుకుని పరిగెడుతుంది. చిక్కంతా అక్కడే. ముక్కు తేలికైతే కిందికి గాలి దూరి వెల్లకిలా తిప్పేస్తుంది. ముక్కు బరువైతే నీళ్ళు దున్నుకుంటూ పోయి, మలుపులో మూతి గుచ్చుకుని మునుగుతుంది. ఈ రెండింటికీ నడుమ మంచి చోటు బియ్యపు గింజంత. బ్యాటరీని ముందుకో వెనక్కో జరిపి, వలకి కట్టే సీసపు గుళ్ళు ఇటొకటీ అటొకటీ అంటించి, ఆ గింజంత చోటును పట్టుకోవడమే నా ఉద్యోగం.

ఇదంతా సరదా కోసమైతే ఈ కథ ఇక్కడితో ఆపేసేవాణ్ణి. చదువు అయ్యాక విశాఖలో పెద్ద ఫైబరు పడవలు కట్టేచోట చేరి పని నేర్చుకోవాలని బావ కోరిక. వాళ్ళ అయ్య మాత్రం కొడుకుని ఊళ్ళో మిగతా కుర్రాళ్ళతోబాటు గుజరాత్ పంపుతానని, బోట్లకి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీకి అప్పటికే మాటిచ్చేశాడు. వాళ్ళ ఊళ్ళో సగం మంది మగవాళ్ళు వీరావల్ రేవులో పెద్ద బోట్ల మీద వేటకి పోయి, నెలల తరబడి అక్కడే ఉండేవారు. బావ నాలుగు రోజులు అన్నం మానేసి (అమ్మ దొంగతనంగా పెట్టిన చేపల పులుసు లెక్కలోకి రాదు) పోరాడితే, అయ్య వల అల్లుతూ, తల ఎత్తకుండా, ఒక షరతు పెట్టాడు.

"నీళ్ళ మీద నిలబడందాన్ని పడవనరు. నీ గంగమ్మ తిరగబడకుండా మూడు సుట్లు తిరిగిందా, ఎల్లు, పడవలు కట్టడం నేర్సుకో. తిరగబడిందా, మారు మాటాడకుండా వీరావల్ బండెక్కు."

బొబ్బిలి అవతల ఒక రిజర్వాయరులో, కొత్తవలస నుంచి వచ్చే కొందరు సరదారాయుళ్ళు ఆదివారాలు ఇలాంటి పడవలకి పందేలు పెట్టేవారు. మూడు చుట్ల పందెం. సెలవులు అయిపోయే ఆదివారం అయ్య వచ్చి చూస్తానన్నాడు. మేం బావ వాళ్ళ ఊరి వెనకనున్న ఉప్పుటేరులో సాధన మొదలుపెట్టాం.

మొదటి రోజే బావ వాళ్ళమ్మ వచ్చి గంగమ్మకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముక్కు కొసకి ఒక నిమ్మకాయ కట్టింది. ఆ ఊళ్ళో నిమ్మకాయ లేకుండా పడవ నీళ్ళలోకి దిగదు, అది ఎంత పెద్దదైనా ఎంత బుల్లిదైనా. వాళ్ళ పద్ధతి వాళ్ళది. మా పద్ధతి ఏమిటంటే, దేవుడికిచ్చింది తూకం వెయ్యకూడదు. కొట్లో కొబ్బరికాయ కూడా నాయనమ్మ తక్కెడలో పెట్టనిచ్చేది కాదు. అందుకని నేను పడవను తూచేటప్పుడు కాయ విప్పి, కళ్ళకద్దుకుని, పక్కన పెట్టి తూచేవాణ్ణి. నడిపేటప్పుడు మళ్ళీ కట్టేవాళ్ళం. వాళ్ళ భక్తీ మా భక్తీ కలిసి ఆ కాయని లెక్కలోంచి మాయం చేశాయి. అది పడవ మీద ఉంది, కానీ మా ఇద్దరి బుర్రల్లో లేదు.

మొదటి రోజు గంగమ్మ అద్భుతంగా పరిగెత్తింది. మర్నాడు కొంచెం ముక్కెత్తింది. ఆ తర్వాత మలుపు తిరగగానే గాల్లోకి లేచి, వెనక్కి పల్టీ కొట్టి, ఒడ్డున ధ్యానంలో ఉన్న కొంగ వీపు మీద కూర్చుంది. (కొంగ బతికే ఉంది. పడవతో సహా నాలుగు అడుగులు ఎగిరి, తనకిది తగదని దింపేసింది.) నేను బ్యాటరీ ముందుకి జరిపాను. బాగుపడింది. రెండు రోజులకి మళ్ళీ ముక్కెత్తింది. ఒక సీసపు గుండు ముక్కులో పెట్టాను. మళ్ళీ బాగుపడింది, మళ్ళీ ఎత్తింది. బావ మోటారుని అనుమానించాడు, నేను ఉప్పు నీటిని అనుమానించాను, ఇద్దరం కలిసి గాలిని తిట్టాం. చివరికి ఒకణ్ణొకడు తిట్టుకున్నాం. ఎండలో ఆ నిమ్మకాయ రోజురోజుకీ వడిలి, చిక్కి, చింతగింజ రంగుకి తిరుగుతూ మా తిట్లన్నీ వింటూనే ఉంది. అది తేలికవుతున్న కొద్దీ నేను ముక్కు బరువు పెంచుకుంటూ పోయాను. శనివారానికి గంగమ్మ గీత గీసినట్టు పరిగెత్తింది. బావ ఆ సాయంత్రం ఇసకలో కూర్చుని, తాను కట్టబోయే మొదటి పెద్ద పడవకి ఏం రంగు వెయ్యాలో అడిగాడు. నేను కొట్లో ఎప్పట్నుంచో అమ్ముడుపోని ఆకుపచ్చ డబ్బాలు గుర్తొచ్చి, ఆకుపచ్చే శ్రేష్ఠమన్నాను.

ఆదివారం అయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నించున్నాడు. అమ్మ బొబ్బిలి సంతలో బేరమాడి తెచ్చిన తాజా నిమ్మకాయతో దిగింది. పసిపిల్లాడి పిడికిలంత కాయ.

"ఎండిపోయిన కాయతో తల్లిని నీళ్ళలోకి దింపుతారేట్రా, బుద్ధి నేదూ," అని పాతది తెంపి నా చేతిలో పెట్టి, పారే నీళ్ళలో వదిలెయ్యమంది. చుట్టూ చూస్తే అక్కడ పారే నీరు లేదు. జేబులో వేసుకున్నాను.

పడవని నీళ్ళలో పెట్టగానే బావ ముఖం మారింది. "మావా, ముక్కు కిందికున్నాదేటి?" అన్నాడు. నేను బ్యాటరీ గుర్తు చూశాను, సరిగ్గా ఉంది. సీసం చూశాను, సరిగ్గా ఉంది. చూడవలసింది మా ముక్కుల ముందే పచ్చగా మెరుస్తోంది, అది మాత్రం చూడలేదు. ఈలోపు ఈల ఊదారు.

మొదటి చుట్టులో గంగమ్మ బురదలో గేదెలా నీళ్ళు దున్నుకుంటూ వెళ్ళింది. రెండో చుట్టు మలుపులో మూతి గుచ్చుకోబోయింది. అంతే, దారం పుటుక్కున తెగి నిమ్మకాయ తుపాకీ గుండులా ఎగిరి వెళ్ళి అయ్య కాళ్ళ దగ్గర పడింది. ముక్కు లేచింది. పడవ నీళ్ళను వదిలేసి, మూడు చోట్ల మాత్రమే తాకుతూ, మూడో చుట్టు పూర్తి చేసి ఒడ్డుకొచ్చి ఆగింది. అయ్య ఆ కాయ తీసుకుని చొక్కాకి తుడిచి, వీరావల్ గురించి మాటిచ్చిన ఆ మేస్త్రీకి తానే సర్దిచెబుతానని చెప్పి, నన్ను చూసి నవ్వాడు. బావ విశాఖ వెళ్ళాడు. ఇప్పుడు మీరు ఆ తీరమంతా చూసే ఆకుపచ్చ పడవల్లో సగం వాడు కట్టినవే.

ఇరవై ఏళ్ళుగా ఈ కథ ఇలాగే చెబుతున్నాను, ఎక్కడా ఎవరూ ఆపలేదు. మీరు కొంగ దగ్గర అనుమానపడి ఉంటారు. కొంగ నిజం. నేను కల్పించింది దారం తెగడం. వలలు అల్లే ఇంటి ఆడవాళ్ళు వేసిన ముడి ఊడదు, తెగదు. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నన్ను అక్కడే పట్టుకునేవారు. రెండో చుట్టు మలుపులో గంగమ్మ మూతి గుచ్చుకుని, పల్టీ కొట్టి, మునిగిపోయింది. బావ దూకి తీసుకొచ్చాడు, ముక్కున నిమ్మకాయ చెక్కు చెదరకుండా ఉంది. అయ్య ఎగతాళి చెయ్యలేదు, తిట్టలేదు. పడవని రెండు చేతులా అందుకుని, బోర్లించి, లోపలి నీళ్ళన్నీ ఓపికగా వార్చాడు. ఏ పడవకైనా అలాగే వారుస్తాడు. తర్వాత "పద" అన్నాడు. బావ వెళ్ళిన రైలు నేను చూడలేదు, కొట్లో పని ఉందని చెప్పాను.

కొన్నాళ్ళకి ఆనాటి చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో ఆ ఎండు కాయ దొరికింది. నాయనమ్మ పడుకున్నాక, తక్కెడకి దణ్ణం పెట్టి, ఒక పళ్ళెంలో దాన్నీ, రెండో పళ్ళెంలో వంటింట్లోంచి తెచ్చిన తాజా కాయనీ పెట్టాను. తాజా వైపు పళ్ళెం ఠక్కున బల్లకి తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

బావ ఇప్పుడు వీరావల్‌లో ఒక పెద్ద బోటు మీద మనుషులందరికీ పెద్ద. పండక్కి ఫోన్ చేసినప్పుడు, వాడి పిల్లలకి ఈ కథ చెప్పమని స్పీకరు పెడతాడు. నేను దారం తెంపుతాను, పడవని గెలిపిస్తాను, వాడు మారు మాట్లాడడు. క్రితంసారి పిల్లలు వెళ్ళిపోయాక అన్నాడు: "మావా, ఈపాలి నాలుగు సుట్లని సెప్పు. మూడైతే మా అయ్య పెట్టిన లెక్కే అవుతాది. ఒక సుట్టు మనకోసం తిరగాల."

తక్కెడ మీద ఒట్టేశాను కాబట్టి ఇక్కడ గంగమ్మని రెండో చుట్టులోనే ముంచాను. ఫోనులో మాత్రం ఇకమీద నాలుగే.