పేరు రావాల్సిన చోట

సముద్రాన్ని ఆనుకున్న మా మాని కొండల్లో, శవం పక్కన కూర్చుని కనెల్లా శోకం పాడని చావు చావే కాదనేవారు. పై ఊళ్ళవాళ్ళు కంచరగాడిదను పంపి మరీ పిలిపించుకునేవారు. బిషపు పోతే ఆయన మనుషులే వచ్చి బతిమాలుకున్నారు. ఆమె పాట ఎత్తుకుంటే పగవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చిన రోజూ ఉంది, మా కళ్ళతో చూశాం. అలాంటి కనెల్లాకు నోరెండిపోయింది ఒక్కసారే, లియాకోస్ శవం పక్కన.

పూరేడు పిట్టలకు వల కట్టబోయిన లియాకోస్ సముద్రం పక్క కొండచరియ కింద శవమై దొరికాడు. ఆ సాయంత్రం ఆ చరియ నుంచి వచ్చే బాటన దికేవోస్ ఊళ్ళోకి పరుగెత్తి రావడం కనెల్లా చూసింది. వాడింటికీ లియాకోస్ ఇంటికీ తాతలనాటి పగ. మా దగ్గర చంపినవాడి పేరు శోకంలో పడిందంటే, శవాన్ని పూడ్చి వచ్చేలోగా తుపాకులు పేలతాయి.

శోకానికి వచ్చిన కనెల్లాకు గుమ్మంలోనే చనిపోయినవాడి అన్న స్త్రాతిస్ అడ్డొచ్చాడు.

"అత్తా, ఆ బాట మీ ఇంటి ముందునుంచే గదా. చూసే ఉంటావు. పేరు పెట్టి ఏడువు. మిగతాది మేం చూసుకుంటాం."

గోడకు ఆనించిన తుపాకులు చూస్తూ ఆమె శవం పక్కన కూర్చుంది.

పాడింది. వాడి బాల్యం పాడింది, వాడి వలలు పాడింది. "నిన్ను పొట్టన పెట్టుకున్నదెవరు కొడుకా" అన్న చోటికి వచ్చింది పాట. పేరు రావాల్సిన చోటు అదే. ఆగిపోయింది. చావింటికి పగవాళ్ళూ వస్తారు; మగవాళ్ళ వెనక దికేవోస్ టోపీ నలుపుకుంటున్నాడు, ముఖాన నెత్తురు చుక్క లేదు. 'నేను చూసింది పరుగు. తొయ్యడం చూడలేదు' అనుకుంది.

"గొంతు పట్టేసిందా అక్కా? నేనందుకోనా?" అంది పక్కన కూర్చుని వంతపాడే మరిగో. మరిగో నోట ఏదీ దాగదు. ఊరుకుంటే ఇంకొకరు పాడతారు, వాళ్ళు ఊహించైనా పేరు పెడతారు. కనెల్లా గుండెలు బాదుకుంది.

"సముద్రమే కొడుకా! ఉప్పునీళ్ళ తల్లే నిన్ను పొట్టన పెట్టుకుంది!"

"గొంతు అమ్ముకున్నావా ముసలిదానా!" అని స్త్రాతిస్ లేచాడు. కానీ తల్లి స్తావ్రూలా అప్పటికే అందుకుంది: "సముద్రమే, నా తండ్రీ..." కన్నతల్లి అందుకున్న చరణాన్ని మార్చే మగాడు మా సీమలో లేడు.

ఆ తర్వాత రాత్రుళ్ళు కనెల్లా తలుపుకు రోకలి అడ్డం పెట్టుకుని పడుకునేది. ఒకవేళ దికేవోసే తోసి ఉంటే? వాడి పరుగు చూసింది తనే గదా.

తొమ్మిదో రోజు, చనిపోయినవాడి పేరున పంచే గోధుమలు స్తావ్రూలా ఇంట్లో వండుతుంటే గుమ్మంలో దికేవోస్ నిలబడ్డాడు, చేతిలో తాడుతో. స్త్రాతిస్ చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

"పెద్దమ్మా, లియాకోస్ కాలు జారింది. పొద పట్టుకుని వేలాడుతుంటే తాడు కోసం పరుగెత్తాను. తెచ్చేసరికి లేడు."

"ఆ రోజే చెప్పి చావొచ్చుగదరా!" అన్నాడు స్త్రాతిస్.

"మా ఇంటివాడి మాట మీరు నమ్ముతారా?"

ఈసారి ఊరుకోకూడదనుకుని, గోధుమల దగ్గర కూర్చున్న కనెల్లా లేచింది.

"వీడు పరుగెత్తడం నేను చూశాను, స్త్రాతిస్. ఊళ్ళోకి పరుగెత్తాడు. చంపినవాడు కొండల్లోకి పరుగెడతాడు గానీ, మనుషుల్లోకి వస్తాడట్రా?"

స్త్రాతిస్ చెయ్యి తుపాకీ మీదే ఉంది. స్తావ్రూలా వేడి గోధుమలు దోసిట్లోకి తీసి, వాడికీ దికేవోస్‌కూ మధ్య నిలబడి, దికేవోస్ ముందు చాచింది.

"తిను నాయనా. నా కొడుకు పేరు తలుచుకుని తిను."