మార్నింగ్ షోలో మాత్రమే ఉన్న నాన్న

మా నాన్న సినిమాల్లో డాక్టరు. ఆపరేషన్ థియేటర్లోంచి బయటికొచ్చి, కళ్లజోడు తీసి, "సారీ" అనేవాడు. అప్పుడప్పుడు జడ్జి, ఎప్పుడైనా పెళ్లికూతురి మేనమామ. శ్రీనగర్ కాలనీలోని మా అద్దె ఇంటి నుంచి ఫిల్మ్ నగర్ ఆఫీసులకు ఫొటోలు పట్టుకుని తిరిగి తెచ్చుకున్న వేషాల్లో ఆయన పోగొట్టిన పేషెంట్లు ఎంతమందో మాకే గుర్తుండేవారు కాదు.

గురువారం సాయంత్రం పేపర్లో మర్నాటి సినిమాల ప్రకటనలు పరుచుకుని కూర్చోవడం ఆయన అలవాటు. అప్పట్లో నాకు మాదాపూర్లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను వచ్చేదాకా ఆగి మరీ మొదలుపెట్టేవాడు.

"ఇందులో హీరో తొడ కొడితే సుమోలు గాల్లోకి లేస్తాయమ్మడూ. మీ కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆయన్ని పిలిపించండి. ఇదేమో కుటుంబ కథ. ఇంట్లో ఇరవై ఆరుగురు, ఒక్కడికీ ఉద్యోగం లేదు, ఆడవాళ్లు పొద్దున్నే పట్టుచీరలు కట్టుకుని ఇడ్లీలు పెడుతుంటారు. ఇది కాలేజీ ప్రేమ. ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును, వాళ్లబ్బాయి నాలుగో క్లాసు."

ఆ గురువారం మాత్రం నాలుగో ప్రకటన మీద వేలు పెట్టి ఆగిపోయాడు. వెక్కిరించలేదు. అందులో ఆయన డాక్టరు కాదు, హీరోయిన్ తండ్రి. మొదటి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తున్న కూతుర్ని సాగనంపే సీను, మొత్తం ఆయనదే. డైలాగేమిటి నాన్నా అంటే, "తెర మీద వినాలి గానీ ఇంట్లో చెబితే ఏం బావుంటుంది? రేపు మార్నింగ్ షోకి ముగ్గురం వెళదాం," అన్నాడు.

సెలవివ్వరన్నాను. నిజానికి నేను అడగనేలేదు. సినిమాకని అడిగితే ఆఫీసులో నవ్వుతారని సిగ్గు. "ఆదివారం చూస్తాలే, ఎక్కడికి పోతుంది," అన్నాను. సినిమావాళ్ల ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మాట అనకూడదు. టాక్ కాస్త అటూ ఇటూ అయితే రెండో రోజుకే సినిమాకు కత్తెర పడుతుందనీ, హీరోని వదిలేసి మా నాన్నలాంటి వాళ్ల మీదే పడుతుందనీ నాకు తెలియనిది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. హాల్లో చప్పట్లు కొట్టారట. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

ఆదివారం నాన్న మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. తెర మీద హీరోయిన్ సూట్‌కేసు సర్దుతోంది. నేను ముందుకు జరిగి కూర్చున్నాను. మరుక్షణం ఆ అమ్మాయి మంచు కొండల్లో పల్చటి చీరలో పాడుతోంది. సీను తర్వాత వస్తుందేమోనని ఇంటర్వెల్ దాకా ఎదురుచూశాను. నాన్న నా వైపు చూడలేదు.

ఇంటర్వెల్లో గేటు దగ్గరి మనిషి నాన్నను గుర్తుపట్టి వచ్చాడు. "నిన్న మ్యాట్నీకే కోసిండ్రు సార్. లెంత్ ఎక్కువైందని ఫోనొచ్చింది. మీ సీను మస్తుగుండె సార్."

"పోనీలే బాబూ," అన్నాడు నాన్న. నా వైపు తిరిగి, "సమోసా తింటావా అమ్మడూ?" అని అడిగాడు. సెలవు అడగలేదని అప్పుడే చెప్పేయాలనిపించింది. సమోసా తిన్నాను. సినిమా అయిపోయేదాకా ఇద్దరం కదలకుండా కూర్చున్నాం.

నాన్న ఉన్నన్నాళ్లూ ఆ డైలాగు మళ్లీ అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన పోయాక ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా చూశాను. ఎప్పుడు చూసినా కోసిన ప్రింటే. ఒకరోజు ఉండబట్టలేక అమ్మనడిగాను, ఆ సీనులో నాన్న ఏమంటాడని.

"మాటలు గుర్తులేవే. కింద కూర్చుని ఆ పిల్ల చెప్పుకి పట్టీ పెడుతూ, తలెత్తి ఏదో అంటారు. నేను ఆయన మొహమే చూస్తుండిపోయాను," అంది.

ఆ హీరోయిన్ పెళ్లి చేసుకుని జూబ్లీ హిల్స్‌లోనే ఎక్కడో ఉంటోందట. ఆఫీసు నుంచి ఆ దారిన వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, తెర మీద తప్ప ఎన్నడూ చూడని ఆ మనిషి మీద నాకు అసూయ పుడుతుంది. కూతురిని నేను. ఆ మాటలు విన్నది ఆమె.