బుడంకాయ కొలతలు

పరాయి దేశంలో ఉంటూ ఇంటి దగ్గరివి ఏం గుర్తొస్తాయని ఎవరినడిగినా ముందు తిండి సంగతే ఎత్తుతారు. మా గదిలో నాతోపాటు ఉండే టైలర్ మాస్టారిని అడిగితే మాత్రం, "తిట్లు" అన్నారు.

నేను పడీపడీ నవ్వాను.

"నవ్వకు తమ్ముడూ. 'పెళ్లికి ఇస్తానన్న జాకెట్టు పుట్టబోయే పిల్లకైనా ఇస్తారా మాస్టారూ' అని ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి కడిగేసేవాళ్లు. నేను కుర్చీలోంచి లేవకుండా, 'అయిపోయిందమ్మా, కాజాలు కుట్టడమే మిగిలింది' అనేవాణ్ణి. అప్పటికింకా గుడ్డకి కత్తెర పెట్టుంటే ఒట్టు!"

ఇక్కడ ఆయనకి అబద్ధమాడే అవసరం రాదు. బట్టలు చేరవేసే వ్యాను నడిపేది నేనే కాబట్టి ఆయన పనిచేసే కొట్టు నాకు బాగా తెలుసు. ముందు గదిలో నిలువుటద్దాలు, లైట్లు, యజమానురాలి నవ్వు. వచ్చిన మనుషులు అక్కడే ఆగిపోతారు. వెనక గదికి కిటికీ లేదు. ఇస్త్రీ పెట్టెల ఆవిరికి గోడలు చెమ్మగా ఉంటాయి. ఆ గదిలోకి వచ్చేవి సంచులే. ప్యాంట్లకీ కోట్లకీ పిన్నులు గుచ్చి, ఎంత మడవాలో చీటీ పెట్టి పంపుతారు. మాస్టారు అంతే మడిచి, కుట్టి, మళ్లీ సంచిలో వేస్తారు. వేసుకునే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడేది నేనొక్కణ్ణే, అదీ సంచులు దింపే కాసేపు.

"అక్కడ కొలతలివ్వడానికొచ్చి పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవాళ్లు" అని చెప్పేవారు. "నేను టేపు మెడలో వేసుకుని ఊళ్లో కబుర్లు మొదలుపెట్టేవాణ్ణి. మాటల్లో పడి ఊపిరి వదిలేసేవాళ్లు. అదే అదనని చుట్టేసి కొలిచేవాణ్ణి."

అసలు ఆయనకి టేపే అక్కర్లేదని ఆయన గొప్ప. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపు భుజమెంతో, నడుమెంతో చెప్పేస్తారు. పరిచయమైన కొత్తలో నన్ను ఎగాదిగా చూసి, "నీకు ఎడమ భుజం కాస్త దిగుంటుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత అద్దంలో చూసుకుంటే నిజమే. నాకు పెళ్లి సంబంధాలు కుదరకపోవడానికి కారణం అదేనా అని కొన్నాళ్లు దిగులుపడ్డాను కూడా.

ఆయనకి ఒక్కతే కూతురు. బుడంకాయ. చిన్నప్పుడు గుండ్రంగా, పొట్టిగా ఉండేదట, ఆ పేరే స్థిరపడిపోయింది. ఆయన ఇంటికి వెళ్లొచ్చి మూడేళ్లు దాటింది. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి కొట్టులో ఇంకో కుట్టుమనిషి మానేశాడు, ఏదో ఒకటి అడ్డుపడుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఫోనులో చూసుకుంటారు. అక్కడ మాస్టారి భార్య, నేను వదిన అంటాను, ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి బల్ల మీద పెడుతుంది. పిల్ల కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది.

ఒక ఆదివారం ఆ పిల్ల, "నాన్నా, పరుగుపందెంలో నేనే ఫస్టు. కాలేజీ వార్షికోత్సవంలో ప్రైజు ఇస్తారట. స్టేజీ ఎక్కినప్పుడు నువ్వు కుట్టిన డ్రెస్సే వేసుకుంటా" అంది.

మాస్టారి మొహం చూడాలి! ఆనందంతో వెలిగిపోయింది. వదినే అందుకుని, "కొలతలు పంపనా అండీ?" అంది.

అంతే, ఆయన మొహం మాడిపోయింది. "నా కూతురి కొలతలు నాకు నువ్వు చెప్పాలా? ఊరందరికీ కంటితో చూసి కుట్టినవాణ్ణి."

"పిల్ల ఎదిగిందండీ."

"ఎదగకుండా ఉంటుందేమిటి? ఎదిగే పిల్లలకి ఎలా కుట్టాలో నాకు తెలీదా?"

నేను ఊరుకోక, "కొలతలు తెప్పించుకుంటే పోయేదేముంది మాస్టారూ" అన్నాను. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

కొట్టు యజమానురాలు మంచిది. మధ్యాహ్నం తిండి వేళలో మెషిను వాడుకోమంది. లేత ఆకుపచ్చ గుడ్డ కొన్నారు. వెళ్లొచ్చినప్పటి ఒడ్డూపొడుగూ గుర్తు చేసుకుని, దానికి ఇన్నేళ్ల పెరుగుదల కలిపి, ఎందుకైనా మంచిదని లోపలి కుట్లలో బాగానే గుడ్డ వదిలి కుట్టారు. నేను సంచులు దింపడానికి వెళ్లినప్పుడల్లా గాల్లో పట్టుకుని చూసుకుంటూ కనిపించేవారు. ఆయనకి కావలసింది ఒకటే. అది పిల్ల ఒంటికి అతికినట్టు సరిపోవాలి. సరిపోతే, ఎంత దూరంలో ఉన్నా పిల్ల తన కళ్ల ముందే పెరిగినట్టు లెక్క. ఈ మాట ఆయన నోటితో అనలేదుగానీ, ఆ కుట్టు చూస్తే ఎవరికైనా తెలిసేది. మా వీధిలో బండ్లు బాగుచేసే మెకానిక్ సెలవు మీద మా ఊళ్లవైపు వెళ్తుంటే పొట్లం కట్టి ఇచ్చి, "మడత నలగనీకు నాయనా" అని వందసార్లు చెప్పారు.

వార్షికోత్సవానికి ముందురోజు ఆదివారం. బుడంకాయ డ్రెస్సు వేసుకుని ఫోను ముందుకొచ్చింది. ఆ రోజు కూర్చోలేదు, గది అవతలి గోడ దగ్గర నిలబడింది. వదిన ఫోను పట్టుకుంది.

"వెనక్కి తిరుగమ్మా, చూద్దాం."

"చాలా బాగుంది నాన్నా."

"తిరగవే ఒకసారి."

"సిగ్గేస్తోంది నాన్నా. బాబాయ్ కూడా చూస్తున్నాడు."

నేను పక్కకి తప్పుకున్నాను. అయినా తిరగలేదు. "ముచ్చటగా ఉందండీ, మీ చేతి పనే వేరు" అంది వదిన, మామూలు కంటే కాస్త గట్టిగా. మాస్టారు, "బాగుందమ్మా. స్టేజీ మీద దర్జాగా నిలబడు" అని ఫోను పెట్టేశారు.

"చూశారా, సరిపోయింది! అనవసరంగా హడలిపోయాం" అన్నాను.

"సరిపోలేదు" అన్నారాయన. "లోపల వదిలిన గుడ్డంతా విప్పేశారు. పక్కన పాత కుట్టు జాడ కనబడుతోంది. అదీ చాలక వెనక కోసి పిన్నీసులు పెట్టారు. అందుకే తిరగలేదు. మోచేతులు చూశావా, ఒంటికి ఎలా అతికించుకుందో? చెయ్యెత్తితే చంకలో పర్రుమంటుంది." ఫోను బోర్లించి, "ఊపిరి బిగబట్టిందిరా. కొట్టుకొచ్చినవాళ్లలాగా నా కూతురు నా ముందు ఊపిరి బిగబట్టి నిలబడింది" అన్నారు.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎండ ఇంకా కిటికీలో ఉంది. పక్కింట్లోంచి ఎవరో తలుపు కొట్టకుండా లోపలికొచ్చి, "ఏంటి మాస్టారూ, అలా పడుకున్నారు?" అని అడిగితే బాగుండుననిపించింది. ఇక్కడ అలాంటివాళ్లు ఉండరు. నాకు ఇంటి దగ్గరివన్నిటిలోకీ కావలసింది వాళ్లే.

రెండు రోజుల తర్వాత వదిన నాకు ఫోను చేసింది. "ఆయనకి చెప్పకు బాబూ. ఇంకో డ్రెస్సు వేసుకోవే అంటే విన్లేదు. వీపు మీదుగా చున్నీ కప్పుకుని అదే వేసుకుని స్టేజీ ఎక్కింది."

చెప్పనన్నాను. ఆయనకి తెలుసని కూడా చెప్పలేదు. ముగ్గురూ ఒకరినొకరు కాచుకుంటుంటే మధ్యలో నేనెవర్ని?

తర్వాతి ఆదివారం ఆయనే అడిగారు. "ఇంకోటి కుడతానమ్మా. కొలతలు చెప్పు."

వదిన లేచి టేపు తెచ్చింది. బుడంకాయ నిలబడింది. అప్పుడు చూశాం, వాళ్లమ్మ ఆ పిల్ల చెవి దాకానే వస్తోంది. వదిన ఒక్కొక్కటే కొలిచి చెబుతుంటే మాస్టారు తల ఊపుతున్నారు. "టేపు మెలిక పడింది, సరిచెయ్యి. భుజం చివర్నించి తియ్యి. తల దించకమ్మా." గొంతు మామూలుగానే ఉంది. అన్నీ అయ్యాక, "లోపల ఎంత గుడ్డ వదలమంటావు?" అని అడిగారు.

"ఏం వదలక్కర్లేదు నాన్నా" అంది బుడంకాయ నవ్వుతూ. "నేను పొడుగవడం ఆగిపోయి ఏడాదైంది. ఇంక పెరగను."

"అలాగేలేమ్మా" అన్నారాయన.

ఆ వారంలోనే డ్రెస్సు తయారైంది. నేను సంచులు దింపడానికి వెళ్లేసరికి దాన్ని ఇస్త్రీ చేస్తున్నారు. నీలం రంగుది, ఎక్కడా వంకపెట్టడానికి లేదు. ఊరడిద్దామని, "ఈసారి అతికినట్టు సరిపోతుంది మాస్టారూ" అన్నాను.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి డ్రెస్సు మడతపెట్టారు.

"ఎందుకు సరిపోదు?" అన్నారు. "ఆ కొలతలిస్తే ఎవరు కుట్టినా సరిపోతుంది."