కండక్టర్ లేచేదాకే మా భోజనం

మా చిన్నప్పుడు... కొత్తగూడెం బస్టాండులో బస్సు ఆగగానే మా నాన్న చేసే మొదటి పని, కండక్టర్ వెంట పడటం!

నిజమండీ... వైరా దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళి, మణుగూరు బస్సులో పినపాక వైపున్న మా ఊరికి తిరిగి వస్తుంటే మధ్యాహ్నం భోజనాలకు అక్కడ ఆపేవారు. బస్టాండు ఎదురుగా వరసగా మూడు హోటళ్ళు. మనకు నచ్చినదాంట్లోకి వెళ్ళొచ్చు కదా... అబ్బే! కండక్టర్ దేంట్లోకి వెళ్తే మేమూ దాంట్లోకే. ఆయన కనిపించే బల్ల దగ్గరే కూర్చోవాలి.

"కండక్టర్ లేవంది బస్సు కదలదు. గంతే లెక్క" అనేవాడు నాన్న. ఆ లెక్క కనిపెట్టింది తనే అన్నంత గర్వం మళ్ళీ.

అమ్మ మాత్రం బస్సు దిగేది కాదు. అక్కడ ఎక్కే జనం అంతా ఇంతా కాదు. సీటు మీద తువ్వాలు వేసి వెళ్తే దాన్ని తీసి పక్కన పెట్టి మరీ కూర్చునేవారు. అందుకని మూడు సీట్లకూ సంచులకూ అమ్మ కాపలా. తనకు కాగితంలో కట్టిన నాలుగు ఇడ్లీలు తీసుకెళ్ళేవాళ్ళం. బస్సు కుదుపులకు చట్నీ చీర మీద పడుతుంటే ఎలాగో తినేది.

నా ప్రాణమంతా మసాలా దోశ మీద ఉండేది... పక్క బల్ల మీదికి వచ్చిన దోశ వాసనే గానీ నా ముందుకు ఏనాడూ రాలేదు. అడిగితే ఒకటే మాట.

"దోశ కాలేలోపు బస్సు మణుగూరు చేరుతది బిడ్డా. అన్నం తిను, జల్దీ."

ఆ అన్నమైనా తిననిచ్చాడా... నా విస్తరి వైపు చూడడు, కండక్టర్ విస్తరి వైపే చూస్తాడు! "సాంబారు అయిపోయింది... పెరుగు పోసుకుండు... లెయ్, లెయ్!" అంటూ రన్నింగ్ కామెంట్రీ. నోరు కాల్చుకుని మింగడం, సగం అన్నం వదిలేసి కుళాయి దగ్గరికి పరుగెత్తడం. ఆ కండక్టర్లైనా కాస్త నెమ్మదిగా తింటారా అంటే, ఒక్కొక్కరూ ఏదో పందెంలో ఉన్నట్టు తినేవారు. నాకు ఖాకీ చొక్కా కనిపిస్తేనే ఒళ్ళు మండేది.

నాకు పదేళ్ళప్పుడు అనుకుంటా... ఒకసారి అద్భుతం జరిగింది. మా కండక్టర్ చేతులు కడుక్కుని, ఫ్యాన్ కింద తీరిగ్గా కూర్చున్నాడు. భోజనం అయ్యాక పెరుగన్నం మళ్ళీ పెట్టించుకున్నాడు. ఆపైన టీ కూడా చెప్పాడు! నాన్నకే ఆశ్చర్యం వేసింది.

"ఇయ్యాల మనోడు నిమ్మలంగ ఉన్నడు. సరే, చెప్పుకో నీ దోశ."

నా సంతోషం ఏమని చెప్పను... పెనం మీద చుయ్‌మన్న ప్రతిసారీ అది నాదే అనుకుని మెడ చాచి చూశాను. చివరికి వచ్చింది. ఎర్రగా, పళ్ళెం దాటి బయటికి వచ్చేంత దోశ! మొదటి ముక్క తుంచానో లేదో... గుమ్మంలో అమ్మ. చెరో చేతిలో ఒక సంచి, మొహం నిండా చెమట.

"బస్సు పోయింది" అంది.

"ఎట్ల పోతది? కండక్టర్ గిక్కడనే ఉన్నడు కదనే!" నాన్న వేలు పెట్టి మరీ చూపించాడు.

టీ తాగుతున్న కండక్టర్ తలెత్తాడు. "నా డ్యూటీ అయిపోయింది సార్. ఇక్కడ నేను దిగుత, ఇంకొకలు ఎక్కుతరు."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"మీరు అడిగిన్రా మరి?"

నాన్న అమ్మ మీద పడ్డాడు. "నువ్వన్న ఆపొద్దా?"

"ఎంత మొత్తుకున్నా కొత్తాయన ఆగలే. దిగుతవా, పోతవా అన్నడు. దిగిన."

ఇక నాన్న మొదలుపెట్టాడు... సీట్లు పోయాయని, ఇంకో బస్సుకు రెండు గంటలు ఆగాలని, అంతా నా దోశ వల్లే అని! చేతికొచ్చిన కూడు నోటికి రాదంటారే, ఆ రోజు నాకు అర్థమైంది. దోశ ముక్క చేతిలో పెట్టుకుని ఏడవడానికి సిద్ధమయ్యాను.

అమ్మ సంచులు కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని నా పక్కన కూర్చుంది.

"పోతే పోయింది, ఇంకోటి వస్తది. పిల్లను తిననియ్యి. నాగ్గూడ ఒక దోశ చెప్పు" అంది.

నాన్నే వెళ్ళి చెప్పొచ్చాడు. దోశ వచ్చింది. అమ్మ తొందరపడకుండా తింది, చట్నీ రెండుసార్లు అడిగి వేయించుకుంది. మధ్యలో ఫ్యాన్ వైపు, గోడకున్న అద్దాల వైపు, బల్లల వైపు తలతిప్పి చూసి మెల్లగా అంది...

"లోపల గిట్లుంటదా!"

ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటా ఆ హోటళ్ళలో తింటూ వచ్చాను. దోశ పెట్టించలేదని నాన్న మీద ఎన్నిసార్లు అలిగానో లెక్కలేదు. అమ్మ ఒక్కసారి కూడా లోపలికి రాలేదన్న సంగతి మాత్రం నాకు ఆ మాట వినేదాకా తట్టలేదు. "నేను సీట్లు కాస్తాను, నువ్వు వెళ్ళి తిను" అని నాన్న అనలేదు, నేనూ అనలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు కారులో వెళ్తున్నాం... భద్రాచలం రోడ్డులో ఏసీ హోటళ్ళు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. పోయిన నెల హోటల్ ముందు కారు ఆపితే అమ్మ ఏమందో తెలుసా... "మీరు తినిరాండ్రి. సామాన్లున్నయ్ గదా, నేను కార్లనే ఉంట!" తాళం వేస్తే చాలే తల్లీ అని ఎంత చెప్పినా వినదు. విసుగొచ్చి గట్టిగా అరిచాను కూడా. తర్వాత అనిపించింది... కారుకు తాళం ఉందిప్పుడు, నిజమే. అమ్మను లోపలికి పిలవడం మాత్రం మేం ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాం.

మీ ఇంట్లో అందరూ హోటల్లో తింటుంటే సామాన్ల దగ్గర కూర్చున్నది ఎవరు? గుర్తుంటే రాయండి... గుర్తు లేకపోతే, ఇవాళే ఇంట్లో అడిగి చూడండి.