ఖాళీ మేకులు

నిన్న మా ఎనిమిదో క్లాసు పిల్లలు చార్టులు అతికిస్తుంటే గదంతా మైదా గంజి వాసన. ఆ వాసన తగిలితే నేను కోలారులో పాఠాలు చెప్పే పంతులమ్మను కాను. బంగారు గనుల ఊరిగాంలో రెండు జడలు వేసుకున్న క్లాసు లీడర్ని. అట్టముక్కలకు గంజి పూస్తున్న సరోజ మిస్ కళ్ళముందు నిలబడుతుంది.

మిస్ మాకు సోషల్ చెప్పేది. పుస్తకంలో కంబోడియా గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆవిడ మాత్రం పేపర్లలో వచ్చిందల్లా కత్తిరించి ఒక లావు నోటుబుక్కులో అతికించుకుంది. ముందు అక్కడి నాట్యం చూపించింది. వేళ్ళు వెనక్కి వంచి, ఇది పువ్వు, ఇది ఆకు అని. ఆవిడ మొద్దు వేళ్ళు వంగలేదు. నేను పకపకా నవ్వాను, నా వెనక క్లాసంతా నవ్వింది.

"నవ్వినావు సరే విమలా, ఇంగ నేర్చుకోని నవ్వు" అని నన్ను ముందుకు పిలిచింది. నా వేళ్ళూ వంగలేదు. ఈసారి క్లాసు నన్ను చూసి నవ్వింది. అంతే, ఆ కోపం కడుపులో పెట్టుకున్నాను.

మా ఊరి గని కంపెనీ గవర్నమెంటు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా గని పద్ధతులు మారలేదు. లోపలికి దిగేవాళ్ళు మేకు మీది నంబరు బిళ్ళ తీసుకుని దిగుతారు, పైకొచ్చి తగిలిస్తారు. షిఫ్టు అయ్యాక మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. మా ఇళ్ళలో పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ తెలిసిన సంగతి. మిస్ మా చేత అట్టబిళ్ళలు చేయించి, పేరూ, పెద్దయ్యాక ఏమవుతామో రాయించి, చెక్క పలకకు మేకులు కొట్టి తగిలించింది. తర్వాత ఆ దేశపు కథ చెప్పింది. అక్కడి పాలకులు పట్నాలు ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారట, చదువుకున్నవాళ్ళనూ నాట్యం ఆడేవాళ్ళనూ చంపారట. చెబుతూ చెబుతూ టీచరు అవుతానన్న పిల్ల బిళ్ళ తీసింది, నర్సు అవుతానన్న పిల్లది తీసింది, నాట్యం ఆడతానన్న పిల్లది తీసింది. "పోయినోళ్ళను లెక్క పెట్టేదానికి ఆడ బిళ్ళలు కూడా లేవు" అంది. చిన్నపిల్లల చేత పెద్దవాళ్ళ మీద చాడీలు చెప్పించారని కూడా చెప్పింది. "ఆ బిడ్డల్ని తిట్టద్దండి. వాళ్ళను బయపెట్టినారు."

అప్పుడు పద్మ లేచింది. వాళ్ళ నాన్న గనిలో ఏర్ బ్లాస్టుకు, లోపలి రాయి పేలి మీద విరిగిపడి పోయాడు.

"మిస్, మా నాయన బిళ్ళ పెట్టచ్చునా?"

"నీకు కష్టమైతాదేమో అమ్మా."

"లేదు మిస్. నాకు పెట్టల్ల అని ఉండాది."

తనే రాసుకుని, ఖాళీ మేకుకు తగిలించి, వెక్కివెక్కి ఏడ్చింది. మిస్ పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసింది.

మర్నాడు పద్మ మేనమామ బడికొచ్చి, పిల్లను ఏడిపించారని అరిచాడు. హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "నువ్వు లీడరు గదా, చెప్పు. ఆయమ్మే బలవంతంగా ఆ పిల్ల చేత అది పెట్టించిందా?"

ఆయన కసరలేదు. బెత్తం బల్ల మీదే ఉంది. నిజం నా నాలుక చివరే ఉంది. "అవును సార్. పద్మ వద్దన్నా పెట్టించినారు" అన్నాను. మిస్ అక్కడే, గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నా వైపు చూసి, "సరే సార్" అంది. పద్మను పిలిచి అడగమని కూడా అనలేదు. ఆ పిల్లను మళ్ళీ ఏడిపించడం ఇష్టంలేక అని నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అంత మందబుద్ధిని.

మిస్‌ను ఒకటో క్లాసుకు వేశారు. పోయేముందు ఎవరి బిళ్ళ వాళ్ళకిచ్చింది. నాది ఇస్తూ, "పోగొట్టుకోవద్దమ్మా" అంది. ఒక్క మాట తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో. క్షమించమని అడగడానికి ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేదు.

ఇప్పుడు ఆ పాఠం నేను ప్రతి ఏడూ చెబుతాను, బిళ్ళలతో సహా. మిస్ కథ కూడా చెబుతాను. నిన్న ముందు బెంచీ పిల్ల అడిగింది: "మేడం, ఆ అబద్ధం చెప్పిన పాపను ఎవరు బయపెట్టినారు?"

"ఎవరూ బయపెట్టలేదమ్మా."

"మల్ల ఆ పాప పేరేమి?"

"గుర్తులేదు" అన్నాను. నా బిళ్ళ చేతిసంచిలోనే ఉంది.